బగ్గీలో నడుం మాడుతోందా? వేడి తగ్గించే కిట్లలో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మార్చి దాటితే విశాఖలో సైడ్-బై-సైడ్ బగ్గీలు, అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని మట్టిదారుల్లో తోలే నాలుగు చక్రాల బళ్ళు ఉన్నవాళ్ళందరిదీ ఒకటే మాట. ఎండ సంగతి సరే, సీటు వెనక నుంచి నడుంకి తగిలే సెగ ఏంటి, కాలి పక్కన టన్నెల్ (సీట్ల మధ్య గొట్టాలు పోయే గట్టు) మీద చెయ్యి పెడితే చురుక్కుమనడం ఏంటి అని. పైగా మన ఊరి ఉక్కలో పట్టిన చెమట ఆరదు. దీనికి విరుగుడంటూ ఆన్‌లైన్‌లో కిట్లు అమ్ముతున్నారు. పేర్లు వేరైనా పెట్టె విప్పితే సరుకు దాదాపు ఒకటే. వెండి రేకు అంటించిన మెత్తటి షీట్లు నాలుగైదు, సైలెన్సర్ గొట్టానికి చుట్టే నార పట్టీ ఒక చుట్ట, స్టీలు టైలు ఓ డజను, బంగారు రంగు టేపు ఒకటి. ఈ సమీక్ష ఆ నాలుగింటి గురించి, పెట్టెలో ఉండాల్సి ఉండీ లేని ఐదోదాని గురించి.

తీర్పు ముందే చెప్పేస్తే, కిట్‌లో సగం సరుకు బాగానే పనిచేస్తుంది. కానీ పెట్టెతో వచ్చే కాగితంలో చెప్పిన వరసలో, అంటే ముందు షీట్లు అంటించేసి తర్వాత మిగతావి చూసుకుందాం అనుకుంటే డబ్బు దండగే. కేబిన్‌లోకి వచ్చే వేడిలో ఎక్కువ భాగం గోడలోంచి రాదు, సందుల్లోంచి గాలితో కలిసి వస్తుంది. సందులు మూయకుండా గోడకి రేకు అంటించడం అంటే తలుపు బార్లా తెరిచి కిటికీకి పరదా కట్టడమే.

వేడి నడిచే దారి

మన దగ్గర కనిపించే పొలారిస్ ఆర్‌జడ్‌ఆర్ ఎక్స్‌పీ 1000 బండినే తీసుకుందాం. 999 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్ సీట్ల వెనకే కూర్చుంటుంది. రేడియేటర్ మాత్రం ముందు ఉంటుంది. అంచేత వేడెక్కిన కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఇంజిన్ దగ్గర బయలుదేరి, ఇద్దరి సీట్ల మధ్య టన్నెల్‌లోంచి ముందుకు వెళ్ళి, చల్లారి మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి. ముందున్న రేడియేటర్ వదిలిన వేడి గాలిలో కొంత కాళ్ళ దగ్గరికీ చేరుతుంది. అంటే వెనక ఇంజిన్, మధ్యలో గొట్టాలు, ముందు రేడియేటర్. మూడు పొయ్యిల మధ్య కూర్చున్నట్టు. కాన్-ఆమ్ మావెరిక్ ఎక్స్3లో రేడియేటర్ కూడా వెనకే ఉంటుంది కాబట్టి దాంట్లో కాళ్ళకి హాయి, వీపుకి శిక్ష. ఏ బండికి ఏ కిట్ అని అడిగే ముందు రేడియేటర్ ఎక్కడుందో చూసుకోవాలనేది అందుకే.

నాలుగో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది ముందు అద్దం. దుమ్ము పడలేక చాలామంది నిలువెత్తు పాలికార్బొనేట్ అద్దం బిగిస్తారు. ఎదురుగాలి అద్దం మీంచి, పక్కల నుంచి జారిపోతుంది. లోపల పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి వెనక నుంచి గాలి తిరగబడి లోపలికి వస్తుంది, వస్తూ వస్తూ ఇంజిన్ సెగనీ, చక్రాలు లేపిన ఎర్రదుమ్మునీ మోసుకొస్తుంది. అద్దం పెట్టాక దుమ్ము ఎక్కువైందేంటి అని తల పట్టుకునే వాళ్ళకి జవాబు ఇదే. సగం ఎత్తు అద్దం, లేదా కింద తెరుచుకునే గవాక్షం ఉన్న అద్దం వేసుకుంటే వేడి సమస్యలో చెప్పుకోదగ్గ భాగం పైసా కిట్ లేకుండానే తీరుతుంది. నిలువెత్తు అద్దమే కావాలంటే సీట్ల వెనక కూడా ఒక పలక వేసి మూయాలి. ముందొకటి మూసి వెనక వదిలేయడం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు.

పెట్టెలో లేని ఐదో వస్తువు

సందులు మూసే సామాను ఏ కిట్‌లోనూ సరిగ్గా ఇవ్వరు. కొన్నింట్లో ఓ చిన్న స్పాంజి చుట్ట పడేస్తారు, అది పనికిరాదు. నీళ్ళలో ముంచి పిండి చూడండి. నీళ్ళు కారితే అది తెరుచుకున్న గదుల స్పాంజి. బురద పీల్చి నెల తిరక్కుండా మట్టిముద్ద అవుతుంది. కావాల్సింది మూసిన గదుల ఈపీడీఎమ్ రబ్బరు పట్టీ. 12 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల వెడల్పు, పది మీటర్లు ఉంటే ఒక బండికి సరిపోయి కొంత మిగులుతుంది. గాజువాక ఆటోనగర్‌లో డోర్ బీడింగులు, రబ్బరు సామాన్లు అమ్మే చోట అడిగితే మీటర్ల లెక్కన కోసిస్తారు. దాంతోపాటు రకరకాల సైజుల రబ్బరు గ్రోమెట్లు (వైరు దూరే రంధ్రానికి తొడిగే రింగులు), వేడి తట్టుకునే ఎర్ర సిలికాన్ ట్యూబు ఒకటి తీసుకోండి.

ముందు సందులెక్కడున్నాయో తెలియాలి. రాత్రి పూట షెడ్డు లైట్లు ఆపేసి, ఇంజిన్ గదిలో పెద్ద ఎల్‌ఈడీ లైటు వెలిగించి, సీట్లు తీసేసి కేబిన్‌లోంచి చూడండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే సెగ అక్కడ నుంచే వస్తుంది. వైర్ల కట్ట వచ్చే రంధ్రం, గేరు కేబుల్ దూరే చోటు, సీటు బెల్టు బోల్టుల చుట్టూ, ఇంజిన్‌నీ కేబిన్‌నీ వేరుచేసే ఫైర్‌వాల్ పలకా టన్నెల్ మూతా కలిసే మూల... సీటు కిందున్న సర్వీసు మూత అంచు మొత్తం గీత గీసినట్టు వెలుగుతుంది. సుద్దతో గుర్తు పెట్టుకోండి.

తర్వాత అగరుబత్తి పరీక్ష. బండిని ఆరుబయట పెట్టి ఇంజిన్ ఆన్ చేసి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఆగి, వెలిగించిన అగరుబత్తిని ఆ సుద్ద గుర్తుల దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా పోతుంటే అక్కడ గాలి ఆట లేనట్టే. పొగ వంకర తిరిగి మీ మొహం వైపు వాలితే ఆ సందు మొదట మూయాలి. పెట్రోలు ట్యాంకు మూత దగ్గరా, ట్యాంకు ఉన్న వైపు సీటు కిందా మాత్రం నిప్పు వద్దు, అక్కడ లైటు పరీక్షతోనే సరిపెట్టుకోండి.

మూసేటప్పుడు రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. ఒకటి, తీసి పెట్టాల్సిన మూతకి కూడా సిలికాన్ పూసేయడం. ఇంజిన్ శక్తిని చక్రాల వైపు అందించే డ్రైవ్ బెల్టు మార్చాల్సిన రోజున ఆ మూత ఊడిరాక పలక చిట్లుతుంది. తెరిచే మూతలకి రబ్బరు పట్టీ, ఎప్పుడూ తెరవని రంధ్రాలకి సిలికాన్, అంతే లెక్క. రెండోది, పట్టీని మరీ నొక్కేయడం. 12 మిల్లీమీటర్ల పట్టీ ఏడెనిమిదికి నొక్కుకుంటే చాలు. అంతకంటే బిగిస్తే రబ్బరు చచ్చిపోయి కొన్నాళ్ళకి మళ్ళీ సందు పడుతుంది. ఇంకో మాట, బెల్టు గదికి గాలి పోయే గొట్టాలూ, వచ్చే గొట్టాలూ సందుల్లాగే కనిపిస్తాయి. వాటిని మూశారంటే బెల్టు మాడుతుంది. గొట్టం ఎటు పోతోందో చివరిదాకా చేత్తో తడిమి చూసాకే సిలికాన్ ట్యూబు విప్పండి.

ఇదంతా ఒక పూట పని. మిగతా కిట్ మొత్తం కంటే దీనికే ఫలితం ఎక్కువ.

వెండి షీట్లు

ఇక్కడే మోసం ఎక్కువ. పైకి ఒకేలా మెరిసే షీట్లలో మూడు జాతులున్నాయి. గాజు నార మందం మీద అల్యూమినియమ్ రేకు అంటించినది అసలు సరుకు. ఫోమ్ మీద రేకు అంటించినది ఇంటి పైకప్పు రేకుల కింద వేసే సరుకు. మూడోది నల్లటి బ్యూటైల్ జిగురు మీద రేకు, ఇది చప్పుడు తగ్గించడానికి పుట్టింది తప్ప వేడి ఆపడానికి కాదు. మూడింటినీ వేడి షీల్డు అనే అమ్ముతున్నారు.

తేడా పట్టుకోవడం తేలికే. షీటు మూల నుంచి అగ్గిపెట్టె అంత ముక్క కత్తిరించి, బయట ఖాళీ చోట పట్టకారుతో పట్టుకుని అంచుకి లైటర్ మంట చూపండి. ఫోమ్ అయితే క్షణంలో ముడుచుకుని కరిగి బొట్లు బొట్లుగా కారుతుంది, కొన్ని రకాలు అంటుకుంటాయి కూడా. గాజు నార అయితే జిగురు నుంచి కొంచెం పొగ వస్తుంది, అంచు నల్లబడుతుంది, ఆకారం మారదు. కరిగి కారే షీటుని సైలెన్సర్ ఉన్న గదిలో అంటించడం అంటే ఇంధనం పోగు చేసుకోవడమే. కిట్‌లో వచ్చింది అదే అయితే తిరిగి పంపేయండి, లేదా బండి కప్పు కింద వాడుకోండి. బ్యూటైల్ షీటుని సీటు కింద నేల పలకకి వేసుకోవచ్చు, ఇంజిన్ వైపు నిలువు గోడకి వేస్తే ఎండాకాలంలో మెత్తబడి జారుతుంది. మరీ చవక రకాల్లో తారు కలుస్తుంది, వేడెక్కగానే రోడ్డు వేస్తున్న వాసన వస్తుంది.

అసలు సరుకు దొరికాక కూడా అంటడం అనేది పెద్ద తగాదా. ఈ బళ్ళలో పలకలు ఎక్కువగా పాలిప్రొపిలీన్, పాలిథిలీన్ జాతి ప్లాస్టిక్కులు. వాటి మీద ఏ జిగురూ గట్టిగా పట్టదు. అంటించిన వారం బాగుంటుంది, మొదటి వానకి మూల లేస్తుంది, లేచిన మూల ఎగ్జాస్ట్ గొట్టం మీద వాలుతుంది. సమీక్షల్లో ఊడిపోయిందని తిట్టేవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే. విరుగుడు ఉంది. పలకని 120 నంబరు ఎమరీ కాగితంతో మసకబారేలా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇంట్లో ఉన్న థిన్నర్ వద్దు, దాని జిడ్డు మిగులుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న ఉదయం పూట కాకుండా, పలక ఎండకి కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు అంటించి, గట్టి రోలరుతో మధ్య నుంచి అంచులకి నొక్కాలి. అంతటితో వదలకుండా ప్రతి 15 సెంటీమీటర్లకి ఒక పెద్ద వాషరు పెట్టి రివెట్ కొట్టండి, అంచుల చుట్టూ అల్యూమినియమ్ టేపు వేయండి. గాజు నార అంచు తెరిచి ఉంటే నీళ్ళు పీలుస్తుంది. నీళ్ళు పీల్చిన నార వేడి ఆపదు. రివెట్ కొట్టే ముందు వెనక వైరు గానీ, ట్యాంకు గానీ లేదని చూసుకోవడం చెప్పక్కర్లేదు. అయినా చెబుతున్నాం.

మెరుపు ముఖం ఇంజిన్ వైపు ఉండాలి, దాని ముందు ఖాళీ ఉండాలి. రేకు పనిచేసేది వేడిని తిప్పికొట్టి. ఏదైనా దానికి ఆనుకుని ఉంటే తిప్పికొట్టడానికి చోటే లేదు, వేడి నేరుగా దిగిపోతుంది. రేకు మీద ఎర్రమట్టి పొర పట్టినా అంతే సంగతి. మెరుగు పెట్టిన అల్యూమినియమ్ తన మీద పడ్డ సెగలో నూటికి తొంభై పైనే తిప్పి పంపుతుంది. మట్టి పట్టిన రేకు మట్టిగోడలాగే ఆ సెగని తాగేస్తుంది. ప్రతి రైడు తర్వాత తడి గుడ్డతో తుడవగలిగే చోట మాత్రమే షీటు వేయడం మంచిది.

వేడి తగ్గిందో లేదో తుపాకీ థర్మామీటరుతో కొలిచేవాళ్ళకి ఒక హెచ్చరిక. అది మెరిసే రేకు మీద అబద్ధం చెబుతుంది, ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. షీటు వేయకముందు నల్ల పలక మీద, వేశాక వెండి రేకు మీద కొలిచి ఎంత తగ్గిందో చూడండి అని వీడియోల్లో చూపించేది ఈ గారడీయే. రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఐదు నిమిషాలు ఆగి, ఆ టేపు మీద కొలవండి. ఇంకా నికరంగా కావాలంటే కేబిన్ వైపున, సీటు వెనక ఒకే చోట, షీటు వేయకముందూ వేశాకా కొలవండి.

నార పట్టీ, దాని బదులు రేకు కవచం

ఎగ్జాస్ట్‌కి చుట్టే పట్టీ రెండు రకాలు. తెల్లటి గాజు నార ఒకటి, గోధుమ రంగు బసాల్ట్ రాతి నార ఒకటి. రెండోదాన్ని టైటానియమ్ పట్టీ అంటారు గానీ అది రంగు పేరే, లోపల ఉండేది లావా రాయి నుంచి తీసిన నార. అది ఎక్కువ వేడి ఓర్చుకుంటుంది, తొందరగా పొడి రాలదు. రెండిట్లో అదే మేలు.

కిట్‌లో ఇచ్చే చుట్ట సాధారణంగా 50 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు. 45 మిల్లీమీటర్ల గొట్టానికి పావు వంతు మీద మీద పడేలా చుడితే మీటరు గొట్టానికి సుమారు నాలుగు మీటర్ల పట్టీ పడుతుంది. ఆ లెక్కన చుట్ట సరిపోయి మిగులుతుంది. మిగిలింది కదా అని రెండో పొర వేయకండి. ఇంజిన్ చివర నుంచి మొదలుపెట్టి సైలెన్సర్ వైపు చుట్టాలి, ప్రతి చుట్టూ లాగి బిగించాలి, మొదలుకీ చివరకీ రెండేసి స్టీలు టైలు. గాజు నార అయితే అరగంట నీళ్ళలో నానబెట్టి చుడితే దుమ్ము లేవదు, ఆరాక బిగుసుకుంటుంది. చేతులకి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకి మాస్కు తప్పవు. లేకపోతే ఆ రాత్రంతా గోక్కుంటూ గడపాలి. మొదటిసారి ఇంజిన్ వేడెక్కినప్పుడు పొగ వస్తుంది, అది నారలోని పూత కాలడం. పదిహేను ఇరవై నిమిషాలకి ఆగాలి. ఆగకపోతే ఎక్కడో ఆయిల్ పడుతోందని అర్థం. ఆయిల్ తాగిన పట్టీ దీపం వత్తితో సమానం, వెంటనే విప్పి పారేయండి.

ఆక్సిజన్ సెన్సరు, స్ప్రింగులతో కలిపిన జాయింట్లు, క్యాటలిటిక్ డబ్బా, వీటి మీద పట్టీ చుట్టకూడదు. జాయింటు లీకైతే కనపడాలి కదా.

ఇంతా చెప్పాక అసలు అభిప్రాయం. సముద్రం పక్కనున్న ఊళ్ళో నార పట్టీ రెండో ఎంపికే. ఉప్పు గాలి, వాగు నీళ్ళు పీల్చుకుని గొట్టానికి తడి గుడ్డ చుట్టినట్టు ఉంటుంది, లోపల తుప్పు మొదలైనా బయటికి కనిపించదు. గొట్టం స్టెయిన్‌లెస్ అవునో కాదో అయస్కాంతంతో చూస్తారు చాలామంది. అదీ పూర్తిగా నమ్మకూడదు. కంపెనీ ఎగ్జాస్టుల్లో ఎక్కువగా వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కి అయస్కాంతం అంటుకుంటుంది, పైపైన తుప్పూ పడుతుంది. పట్టీ వేసుకున్నవాళ్ళు బండి కడిగిన ప్రతిసారీ పది నిమిషాలు ఇంజిన్ నడిపి తడి ఆరబెట్టాలి, ఏడాదికోసారి విప్పి చూడాలి.

దాని బదులు ఆటోనగర్‌లో రేకు పని చేసేవాళ్ళతో కవచం చేయించుకోవడం మా మొదటి ఎంపిక. ఒక మిల్లీమీటరు అల్యూమినియమ్ రేకుని గొట్టం వంపుకి తగ్గట్టు సగం చుట్టుగా వంచి, గొట్టానికీ రేకుకీ మధ్య 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా స్టెయిన్‌లెస్ పట్టీ కాళ్ళు పెట్టి, హోసు క్లిప్పులతో బిగించాలి. కవచం పై అంచు తెరిచి ఉండాలి, వేడెక్కిన గాలి పొగగొట్టంలో పోయినట్టు పైకి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. చుట్టూ మూసేస్తే అది కవచం కాదు, పొయ్యి. రేకు అంచులు మడత పెట్టించండి, లేకపోతే గడగడ మోతతో పాటు బోల్టు రంధ్రాల దగ్గర చిట్లుతుంది. నైలాన్ నట్లు ఇక్కడ వాడకూడదు, ప్లాస్టిక్ రింగు మెత్తబడి నట్టు వదిలేస్తుంది. మొత్తం లోహంతో చేసిన లాక్ నట్టే అడిగి వేయించండి. మొదటి రెండు రైడ్ల తర్వాత క్లిప్పులన్నీ మళ్ళీ బిగించాలి, గొట్టం వేడికి సాగి చల్లారినప్పుడు అవి వదులవుతాయి.

విశాఖ వాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది. షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరు కాబట్టి లాగింగ్ పని, అంటే వేడి గొట్టాలకి తొడుగు చుట్టే పని తెలిసిన చేతులు ఇక్కడ దొరుకుతాయి. ఆవిరి గొట్టాలకి, ఓడ ఇంజిన్ ఎగ్జాస్టులకి వేసే గాజు గుడ్డ జాకెట్టునే చిన్న సైజులో సైలెన్సర్ డబ్బాకి కుట్టించుకోవచ్చు. బయట గాజు గుడ్డ, లోపల సిరామిక్ ఉన్ని, కొక్కేలకి స్టెయిన్‌లెస్ తీగ. కడిగే ముందు విప్పేయొచ్చు, అదే దీని గొప్ప. కుట్టేటప్పుడు, విప్పేటప్పుడు మాస్కు ఉండాలి. తుక్కు షాపులో దొరికే పాత తెల్లటి తాడు, పాత లాగింగ్ గుడ్డ చవగ్గా వస్తుందని మాత్రం తేకండి. పాత సరుకులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

బంగారు టేపు గురించి రెండు ముక్కలు చాలు. వైర్ల కట్టకి, ఎయిర్ ఫిల్టరు గొట్టానికి చుట్టడానికి పనికొస్తుంది. ఫోటోలో బాగుంటుంది. దానికోసం ఖరీదైన కిట్ కొనక్కర్లేదు, వెండి టేపూ అదే పని చేస్తుంది.

టన్నెల్ గొట్టాలు, రేడియేటర్

టన్నెల్‌లో కూలెంట్ గొట్టాలకి ఏసీ మెకానిక్కులు రాగి గొట్టాలకి తొడిగే నల్ల నైట్రైల్ ఫోమ్ గొట్టం సరిగ్గా సరిపోతుంది. 19 మిల్లీమీటర్ల మందం తీసుకుని, పొడవునా చీల్చి, తొడిగి, మీద అల్యూమినియమ్ టేపు చుట్టండి. అది ఓర్చుకునేది నూరు డిగ్రీలకి కాస్త పైదాకే, కాబట్టి ఎగ్జాస్ట్ ఛాయలకి కూడా తీసుకెళ్ళకూడదు. ఇంజిన్ దగ్గరి మొదటి అరమీటరుకి సిలికాన్ పూత ఉన్న గాజు నార తొడుగు వేయండి.

గొట్టాలకి దుప్పటి కప్పాక ఆ వేడంతా రేడియేటరే వదిలించుకోవాలి. అది ఊపిరాడకుండా ఉంటే కేబిన్ చల్లబడి ఇంజిన్ ఉడుకుతుంది. భీమిలి దారిలో సరుగుడు తోటల్లో తిరిగే బళ్ళ రేడియేటర్ విప్పి చూస్తే తెలుస్తుంది సంగతి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఫ్యాను తీసి వెనక నుంచి లైటు వేస్తే రెక్కల మధ్య సరుగుడు పుల్లలు సూదులు గుచ్చినట్టు నిండి ఉంటాయి, వాటి మీద ఎర్రమట్టి పేస్టులా ఎండి ఉంటుంది. వెలుతురు అవతలికి రాదు. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వాలిపోయి శాశ్వతంగా మూసుకుంటాయి. తోటకి నీళ్ళు పట్టే మామూలు పైపుతో, వెనక నుంచి ముందుకి, అంటే మట్టి వచ్చిన దారికి ఎదురుగా కడగాలి. ఎండినది నానడానికి పావుగంట ఇవ్వండి.

కూలెంట్ ఇథిలీన్ గ్లైకాల్, డీమినరలైజ్డ్ నీళ్ళు సగం సగం. తీరం వెంట బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్‌లో పోస్తే అల్యూమినియమ్‌ని తినేస్తుంది. సగం సగం మిశ్రమం మామూలు గాలి పీడనంలో 106, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మూత సరిగ్గా పట్టి లోపల పీడనం నిలబడితే 120 దాటినా మరగదు. అంటే మూత రబ్బరు చెడితే మంచి కూలెంట్ కూడా పొంగుతుంది. వేడిమీద ఎప్పుడూ మూత తీయకూడదు. కూలెంట్ మార్చాక గాలి తీయడం అన్నిటికంటే నిర్లక్ష్యం చేసే పని. ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించి, రేడియేటర్ మూత అన్నిటికంటే ఎత్తులో ఉండేలా చేసి, ఇంజిన్ నడుస్తుండగా గాలి తీసే స్క్రూ కొద్దిగా వదులు చేసి, బుడగలు ఆగేదాకా హోసులు చేత్తో పిసకాలి. ఇంత పొడుగు గొట్టాల్లో గాలి ఇరుక్కుంటే మీటరులో ముల్లు ఉన్నట్టుండి ఎగిరి మళ్ళీ పడుతుంది. ఆ లక్షణం చూసి థర్మోస్టాట్ మార్పించేవాళ్ళు ఎందరో.

బెల్టు సంగతి కిట్‌తో సంబంధం లేనిదే గానీ వేడి లెక్కలోదే. బండి నెమ్మదిగా గుట్ట ఎక్కేటప్పుడు హై గేరులో ఉంటే బెల్టు జారుతూ రాపిడికి వేడెక్కుతుంది. గంటకి పదీ పదిహేను కిలోమీటర్ల లోపు నడకకి లో గేరే వేయాలి. బెల్టు గది నుంచి బయటికొచ్చే గాలికి 12 వోల్టుల మూడంగుళాల బోటు బ్లోయరు కలిపితే బెల్టుకి మేలే. రిలే, ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఇచ్చేవాళ్ళ దగ్గర చేయించుకోకండి.

బండి కప్పు నల్ల ప్లాస్టిక్ అయితే పైన తెల్ల రంగు, లోపల ఇందాక పక్కన పెట్టిన ఫోమ్ షీటు. అంతకు మించి అక్కర్లేదు.

మంట

సెగ తగ్గించుకునే హడావిడిలో అసలు ప్రమాదం మరిచిపోతారు. సరుగుడు పుల్లలు, ఎండు జీడాకులు కింది పలక మీద, ఎగ్జాస్ట్ మలుపులో పోగవుతాయి. కొత్తగా వేసిన కవచం అవి నిలిచిపోవడానికి ఇంకో చోటు అవుతుంది. ప్రతి రైడు ముందూ చేత్తో లాగేయండి, కవచం కింద వేలు దూరేంత ఖాళీ అందుకే ఉండాలి. 2013 నుంచి 2016 దాకా మోడళ్ళ ఆర్‌జడ్‌ఆర్ 900, 1000 బళ్ళని మంటల ప్రమాదం వల్ల 2016లో అమెరికాలో లక్షా ముప్ఫై వేలకి పైగా వెనక్కి పిలిచారు. మన దగ్గర చేతులు మారిన పాత బండి కొనేవాళ్ళు ఆ మరమ్మతు జరిగిందో లేదో ఛాసిస్ నంబరుతో కనుక్కోవాలి. జరగని బండికి ఏ వెండి షీటూ దిక్కు కాదు. డ్రైవరు సీటు బెల్టు విప్పకుండా అందుకునే చోట మంటలార్పే రెండు కేజీల ఏబీసీ పౌడరు సిలిండరు బిగించండి.

ఈ పనులన్నీ అయ్యాక పరీక్షకి బీచ్ ఇసుక మీదికో, ఎర్రమట్టి దిబ్బల మీదికో తోలకండి. జనవరి నుంచి మార్చి దాకా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, దిబ్బలు రక్షిత స్థలం. రోడ్డు రిజిస్ట్రేషన్ లేని బండి ఎలాగూ ట్రాలీ మీదే పోవాలి. ఆనందపురం అవతల సొంత తోటలో చాలినంత గుట్ట దొరుకుతుంది.

కొనే వరస కావాలంటే ఇదీ. మొదట రబ్బరు పట్టీ, గ్రోమెట్లు, రేడియేటర్ కడగడం. ఒక ఆదివారం నడిపి చూడండి. ఇంకా నడుంకి సెగ తగిలితే రేకు కవచం. కాలి పక్క చురుక్కుమంటే టన్నెల్ గొట్టాలకి ఫోమ్. అప్పటికీ చాలకపోతే గాజు నార షీటు విడిగా, ఫైర్‌వాల్‌కి కావాల్సినంతే కొనండి. మొత్తం కిట్ అవసరమయ్యే బండి ఒకటే, ఎగ్జాస్ట్ మార్చి, కంపెనీ షీల్డులు పారేసి అమ్మిన సెకండ్ హ్యాండ్ బండి. దానికీ పెట్టెలోని షీటు లైటర్ పరీక్ష పాసయ్యాకే బిగించండి.